పుట్టింటి తలుపులు, మెట్టినింటి తలుపులు

పాత ముచ్చట చెప్పమంటే మీ ముత్తాత ఎడ్లబండి కట్టుకుని కోటిపల్లి తీర్థానికి వెళ్లిన కథే మళ్లీ చెప్తాననుకున్నారు కదూ? ఇవాళ అది కాదు. ఇంకా పాతది. ఎంత పాతదంటే, అప్పటికి చెట్టు పుట్టలేదు, చేప పుట్టలేదు, పురుగైనా పుట్టలేదు. 150 కోట్ల నుంచి 200 కోట్ల ఏళ్ల కిందటి మాట. నీళ్లలో ఉన్నవన్నీ కంటికి ఆనని ఒంటికణం జీవాలే. గాల్లో ప్రాణవాయువు ఇప్పుడున్నంత లేదు. ఆ రోజుల్లో ఒక కణం ఇంకో కణం ఇంటికి కాపురానికొచ్చింది. వచ్చింది మళ్లీ వెనక్కి పోలేదు. మీ ఒంట్లో, నా ఒంట్లో, గాట్లో కట్టేసిన ఆ గేదె ఒంట్లో, పెరట్లో ఉన్న కొబ్బరిచెట్టులో ఆ కాపురం ఈ క్షణాన కూడా నడుస్తోంది.

పెద్దతల్లీ, నువ్వు బైపీసీ కదా, మైటోకాండ్రియా అంటే ఏంటో చెప్పు. ఆఁ, కణానికి శక్తినిచ్చేది. ఇందాక కాపురానికొచ్చిందన్న కణం ఇదే. పరీక్షకి ఆ ముక్క చాలు. కానీ దాని అసలు కథ ఆ శక్తిలో కన్నా దాని చుట్టూ ఉన్న పొరల్లో ఉంది. ఒకటి కాదు, రెండు పొరలు. బయటిదొకటి, లోపలిదొకటి. లోపలిది ముడతలు ముడతలుగా ఉంటుంది. ఈ రెండు పొరల్లోనూ దిగబడి ఉండే ప్రోటీన్లున్నాయే, అవే తలుపులు, అవే కిటికీలు. ఏది లోపలికి రావాలన్నా, ఏది బయటికి పోవాలన్నా వాటి గుండానే. ఏ తలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఈ కాపురం ఎలా కుదిరిందో తెలిసిపోతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవేవో, మెట్టినింట చేయించినవేవో విడివిడిగా చూపించగలం ఇప్పుడు. నేను చదువుకునే రోజుల్లో ఆ వీలు లేదు.

కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించేటప్పుడు పిల్లలకి నేనొకటి తప్పకుండా చూపించేవాణ్ణి. అగ్గిపుల్ల వెనక కొసతో బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజు పలక మీద రాసి, జానస్ గ్రీన్ అనే రంగు ఒక్క చుక్క వేసేవాళ్లం. కాసేపాగి సూక్ష్మదర్శినిలో చూస్తే కణమంతా మెల్లమెల్లగా తేటపడిపోతుంది, చిన్న చిన్న చుక్కలు మాత్రం నీలి ఆకుపచ్చగా మిగులుతాయి. అవే మైటోకాండ్రియా. మిగతా చోట్ల కణం ఆ రంగుని విరిచేస్తుంది. మైటోకాండ్రియా లోపలి పొరలో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ప్రోటీన్ కూర్చుని ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం రంగు విరగదు. అంటే ఆ పిల్లలు చూస్తున్నది ఉత్త చుక్కల్ని కాదు, ఆ పొరలో ఉన్న ప్రోటీన్ పని చేస్తుండగా చూస్తున్నారన్నమాట. ఆ ప్రోటీన్ వయసు చెప్పగానే ఒక్కొక్కళ్ల మొహం చూడాలి!

ఈ కాపురం సంగతి పసిగట్టినవాళ్లు ముందే ఉన్నారు. జర్మనీలో రిచర్డ్ ఆల్ట్‌మన్ 1890లోనే ఈ రేణువులు వాటంతట అవి బతికే జీవాల్లాంటివని రాశాడు. అమెరికాలో ఇవాన్ వాలిన్ 1927లో ఇవి బ్యాక్టీరియా సంతతేనని పుస్తకమే వేశాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. 1963లో మైటోకాండ్రియా లోపల వాటికంటూ సొంత డీఎన్ఏ పోగులున్నాయని తేలాక గాలి మారింది. 1967లో లిన్ మార్గులిస్ అనే అమ్మాయి, ముప్పై ఏళ్లయినా నిండలేదు, ఈ సంగతంతా గుదిగుచ్చి వ్యాసం రాసింది. పదిహేను దాకా పత్రికలు తిప్పి పంపాయట. పదహారో చోటికి పంపే గుండె ఉండాలి మనిషికి. ఆవిడకి ఉంది.

తరవాత 1985లో కార్ల్ వూజ్ బృందం గోధుమ మైటోకాండ్రియాలోని ఆర్ఎన్ఏని బ్యాక్టీరియాల ఆర్ఎన్ఏతో పోల్చి చూసి, పుట్టిల్లు ఏదో తేల్చేసింది. ఆల్ఫా ప్రోటియోబ్యాక్టీరియా అనే వంశం. మొక్కల వేళ్ల దగ్గర బతికే అగ్రోబ్యాక్టీరియం, పప్పుజాతి పైర్ల వేళ్ల మీద బుడిపెలు కట్టే రైజోబియం, పేల ద్వారా వచ్చే టైఫస్ జ్వరానికి కారణమైన రికెట్సియా, అన్నీ ఆ వంశంలోవే. అత్తిల్లు ఏదో తెలియడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. గ్రీన్‌లాండ్‌కీ నార్వేకీ మధ్య సముద్రం అడుగున లోకీస్ కాజిల్ అనే వేడినీటి బుగ్గలున్న ప్రాంతం ఉంది. అక్కడి బురదలో దొరికిన డీఎన్ఏ ముక్కల్లో స్వీడన్ వాళ్లు 2015లో ఆర్కియా అనే, బ్యాక్టీరియా కాని ఒంటికణం జీవాల్లో ఒక కొత్త వంశాన్ని గుర్తుపట్టారు. అప్పటికి తెలిసిన జీవాలన్నిటిలో మన కణాలకి అంత దగ్గర చుట్టం ఇంకోటి లేదు. 2020లో జపాన్ వాళ్లు ఆ వంశపు జీవిని ప్రయోగశాలలో పెంచి చూపించారు. దాన్ని పెంచడానికి పన్నెండేళ్లు పైనే పట్టింది. అదీ ఒంటరిగా బతకదు, పక్కన ఇంకో సూక్ష్మజీవి తోడుండాలి దానికి.

సరే, పొరల దగ్గరికి వద్దాం.

బయటి పొర ఎవరిది? నేను చదువుకున్న పుస్తకాల్లో, పెద్ద కణం చిన్నదాన్ని మింగేటప్పుడు చుట్టూ కప్పిన పొరే అది, అంటే అత్తింటిది అని ఉండేది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పొరలో ఉన్న ప్రోటీన్లు అలా చెప్పడం లేదు. కొన్ని ప్రోటీన్లు పట్టీలు పట్టీలుగా పక్కపక్కన పేర్చుకుని, గుండ్రంగా చుట్టుకుని, మధ్యలో బెజ్జం ఉన్న గొట్టాల్లా నిలబడతాయి. బీటా బారెల్ అంటారు వాటిని. ఇవి ఎక్కడపడితే అక్కడ ఉండవు. రెండు పొరలున్న బ్యాక్టీరియాల బయటి పొరలో ఉంటాయి, మైటోకాండ్రియా బయటి పొరలో ఉంటాయి, ఆకుల్లోని హరితరేణువుల బయటి పొరలో ఉంటాయి. అంతే. మన కణం తాలూకు మిగతా ఏ పొరలోనూ కనపడవు. ఆ బయటి పొర అత్తింటిదే అయితే అత్తింట్లో ఇంకెక్కడా లేని తలుపులు దాంట్లోకి ఎలా వచ్చాయి?

అందులో ఒకటి వీడాక్ అని. 1976లో పారమీషియం మైటోకాండ్రియా నుంచి తీసిన సరుకుతో పనిచేస్తున్నప్పుడు దొరికింది. కణానికి శక్తి మోసే ఏటీపీ లాంటి చిన్న అణువులన్నీ బయటి పొర దాటేది దీని గుండానే. 2008లో దీని ఆకారం పట్టు దొరికింది. బ్యాక్టీరియా గొట్టాల్లో పట్టీలు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉంటాయి, 16 అనో 18 అనో. వీడాక్‌లో లెక్కపెడితే 19! తీరు పుట్టింటిదే, లెక్క మాత్రం మెట్టినింటికొచ్చాక మారింది. నాకు భలే ఇష్టం ఆ 19.

అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటుంది చూడు. ఈ గొట్టాలు తమంతట తాము పొరలో దిగలేవు, ఎవరో దింపాలి. బ్యాక్టీరియాలో ఆ పని చేసేది బామ్ ఏ అనే ప్రోటీన్. మైటోకాండ్రియాలో చేసేది సామ్50. ఈ రెండూ ఒకే తల్లి పిల్లలని 2003లో, ఆ తరవాతా వచ్చిన పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు దీన్ని జాగ్రత్తగా వినండి. బ్యాక్టీరియాలో ఆ గొట్టాలు లోపల తయారవుతాయి, లోపలి పొర దాటుకుని, రెండు పొరల మధ్య సందులోకొచ్చి, అక్కణ్ణుంచి బయటి పొరలోకి దిగుతాయి. మన కణంలో అవి తయారయ్యేది మైటోకాండ్రియా బయట. తిన్నగా బయటి పొరలోకి దిగిపోవచ్చు కదా? దిగవు. ముందు బయటి పొర దాటి ఆ సందులోకి పోతాయి, పోయి లోపలివైపు నుంచి మళ్లీ అదే పొరలోకి దిగుతాయి. ఎందుకంటే సామ్50 ఇంకా బ్యాక్టీరియా రోజుల్లో నిలబడ్డ పక్కనే నిలబడి ఉంది. సరుకొచ్చే దిక్కు మారినా అది పక్క మార్చుకోలేదు. 2009లో జర్మనీలో ఇంకో పని చేసి చూశారు. బ్యాక్టీరియాకి చెందిన గొట్టపు ప్రోటీన్ని ఈస్ట్ కణంలో తయారు చేయించారు. అది నేరుగా మైటోకాండ్రియా బయటి పొరకి వెళ్లి, సామ్50 చేతుల మీదుగా చక్కగా దిగబడి కూర్చుంది. ఇన్ని కోట్ల ఏళ్లయినా పుట్టింటి మనిషిని గుర్తుపట్టింది!

లోపలి పొర సంగతి వేరే చెప్పక్కర్లేదు, అది నిండా పుట్టింటి సొత్తే. 1975లో ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు నేలలో బతికే పారకాకస్ అనే బ్యాక్టీరియాని పట్టుకుని, దీని శ్వాసకీ మన మైటోకాండ్రియా శ్వాసకీ తేడా వెతుక్కోవాల్సి వస్తోందని రాశారు. ఇరవై ఏళ్ల తరవాత, 1995లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆ పారకాకస్ సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఆకారం పట్టుకున్నారు, అదే ఏడాది జపాన్‌లో ఆవు గుండె నుంచి తీసిన దాని ఆకారం పట్టుకున్నారు. బ్యాక్టీరియా దాంట్లో 4 భాగాలు, ఆవు దాంట్లో 13. నడి మధ్యన ఉన్న మూడు భాగాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా అతుకుతాయి. రాగి ఉన్న చోట రాగి, ఇనుము ఉన్న చోట ఇనుము. ఆవులో చుట్టూ చేరిన మిగతావన్నీ మెట్టినింట పెట్టిన నగలు. బుగ్గ గీకి చూపించేవాణ్ణని చెప్పానే, ఆ నీలి చుక్కల్లో ఉన్నది ఇదే.

ఆ పొరలోకి ప్రోటీన్లని దింపే ఆక్సా1 కూడా బ్యాక్టీరియాలోని యిడ్‌సి అనే దానికి తోబుట్టువే. ముడతల మెడ దగ్గర పొరని వంచి పట్టుకునే మిక్60 పోలికలు కూడా ఆ వంశపు బ్యాక్టీరియాల్లో 2015లో దొరికాయి. కార్డియోలిపిన్ అనే కొవ్వు సైతం అంతే, బ్యాక్టీరియా పొరల్లో ఉంటుంది, మన ఒంట్లో మాత్రం ఈ లోపలి పొరలోనే ఎక్కువగా ఉంటుంది.

చిన్నోడా, నిద్రొస్తోందా? ఇప్పుడు మనూరి వైపు మనిషి వస్తాడు కథలో, లేచి కూర్చో. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ఇచ్చారు. ఆ కొలత పట్టుకునే కండరాల్లో ఏముందో వెతుకుతూ పోయి, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనిపెట్టాడు. కండ కదలాలన్నా గుండె కొట్టుకోవాలన్నా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. ఒక్క రోజులో మన ఒంట్లో అది దాదాపు మన బరువంత తయారై, ఖర్చై, మళ్లీ తయారవుతుంది. మనవాడి పేరు ఆ కథలో ఉండాల్సినంత గట్టిగా వినపడదని నాకు ఈ వయసులో కూడా మనసు కలుక్కుమంటుంది.

ఏటీపీ తయారయ్యేది మైటోకాండ్రియా లోపల. ఖర్చయ్యేది బయట. అంటే లోపలి పొర దాటించాలి. స్వతంత్రంగా బతికే ఏ బ్యాక్టీరియా అయినా తను చేసుకున్న ఏటీపీని బయటికి ఇస్తుందా? ఇవ్వదు, దానికి ఆ తలుపు అక్కర్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంటికి దానివల్ల ఒనగూడాల్సిన లాభమంతా ఆ గోడ వెనకే ఉండిపోయింది. అప్పుడు మెట్టినిల్లు తన సొంత సరుకుతో ఒక తలుపు చేయించి ఆ గోడలో పెట్టింది. అదే ఏడీపీ ఏటీపీ వాహకం. ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే ఏడీపీని ఒకటి లోపలికి తీసుకుని ఒక ఏటీపీని బయటికి ఇస్తుంది. దాని తోబుట్టువులు బ్యాక్టీరియాల్లో లేవు. పుట్టింటి చిట్టాలో లేని వస్తువది. సుమారు నూరు అమైనో ఆమ్లాల ముక్క ఒకటే మూడుసార్లు వరసగా కలిసి ఆ తలుపైందని 1982లో గుర్తుపట్టారు. ఒకసారి ఆ ముక్క పనికొచ్చాక దాంతోనే రకరకాల తలుపులు చేశారు, మనిషిలో ఇప్పుడు ఆ కుటుంబంలోవి 53 ఉన్నాయి. ఒకటి ఫాస్ఫేటుని దాటిస్తుంది, ఒకటి సిట్రేటుని, ఇంకోటి ఇంకోదాన్ని.

ఆ తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం ఎలా చూశారో చెప్తాను. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక ముళ్ల మొక్క వేరులో విషముంటుంది, అది ఆ తలుపుని బయటివైపు తెరుచుకున్న భంగిమలో బిగించేస్తుంది. ఇండోనేషియాలో కొబ్బరి పిండిని పులియబెట్టి చేసే బోంగ్‌క్రెక్ అనే తిండిలో చెడ్డ బ్యాక్టీరియా చేరితే ఇంకో విషం పుడుతుంది, అది లోపలివైపు తెరుచుకున్న భంగిమలో బిగిస్తుంది. ఏది తిన్నా ప్రాణం మీదకే వస్తుంది. మొదటి విషం వేసి 2003లో ఒక బొమ్మ, రెండోది వేసి 2019లో రెండో బొమ్మ తీశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, ఒకవైపు మూసుకున్నాకే రెండోవైపు తెరుచుకుంటుందని కళ్లకి కట్టినట్టు తెలిసింది.

ఇందాక రికెట్సియా అన్నాను కదా, మైటోకాండ్రియాకి దూరపు బంధువు. దాని జన్యువులన్నీ 1998లో చదివారు. దానికీ ఏటీపీ దాటించే తలుపుంది. కానీ వేరే కుటుంబం, వేరే ఆకారం, పని కూడా తలకిందులే: మన కణంలో దూరి, మన ఏటీపీని లోపలికి లాక్కుని, వాడేసిన ఏడీపీని బయట పారేస్తుంది. ఒకే వంశంలో ఒకటి పెట్టే చెయ్యి, ఒకటి లాగే చెయ్యి. దాన్ని వెతికిన రికెట్స్, ప్రొవాజెక్ ఇద్దరూ ఆ టైఫస్ జ్వరంతోనే పోయారు.

కాపురం ముదిరేకొద్దీ పుట్టింటి జన్యువులు ఒక్కొక్కటే కేంద్రకానికి తరలిపోయాయి. కొన్ని అసలే అక్కర్లేక పోయాయి. మనిషి మైటోకాండ్రియాలో వెయ్యికి పైగా రకాల ప్రోటీన్లున్నాయి, దాని సొంత డీఎన్ఏలో రాసి ఉన్నవి 13 మాత్రమే. మిగతావన్నీ బయట తయారై లోపలికి రావాలి. అందుకని ఇంటివాళ్లు బయటి పొరకి టామ్ అనే సింహద్వారం, లోపలి పొరకి టిమ్ అనే ద్వారాలు పెట్టారు. టామ్ ద్వారం నడి భాగం కూడా 19 పట్టీల గొట్టమే, వీడాక్‌కి తోబుట్టువు. ద్వారం ముందు నిలబడి వచ్చినవాళ్ల చీటీ చూసేది టామ్20. మనలో ఒక టామ్20 ఉంది, మొక్కల్లో ఒక టామ్20 ఉంది. ఒకటే పని, ఒకటే పేరు. దగ్గరకెళ్లి చూస్తే మనది తల పొరలో గుచ్చుకుని ఉంటుంది, మొక్కలది తోక గుచ్చుకుని ఉంటుంది. రెండూ విడివిడిగా పుట్టాయి. జంతువుల దారి, మొక్కల దారి చీలాక ఎవరి కాపలావాణ్ణి వాళ్లు పెట్టుకున్నారు.

మరి ఆ 13 ఎందుకు మిగిలిపోయాయి అంటావా? మంచి ప్రశ్న. పదమూడూ లోపలి పొరలో దిగబడి ఉండేవే. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ నడి భాగాలు మూడూ అందులోవే. నీళ్లంటే బొత్తిగా గిట్టని ప్రోటీన్లవి. బయట తయారు చేస్తే దారి తప్పి కణంలోని వేరే పొరకి వెళ్లిపోతాయి. 2015లో స్వీడన్‌లో అలా బయట తయారు చేయించి చూస్తే చాలావరకు అలాగే వెళ్లాయి. అందుకే వాటిని ఉన్నచోటే తయారు చేసుకోవాల్సి వస్తోంది.

అయినా తరలింపు ఆగిపోలేదు. మన చేలల్లో పండే పెసలు, అలసందలు చూడండి. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ రెండో భాగం జన్యువు వాటి మైటోకాండ్రియాలో లేదు, కేంద్రకంలోకి వచ్చేసింది. 1991లో కనిపెట్టారు. సోయాబీన్‌లో రెండు చోట్లా ఉంది, పని చేసేది మాత్రం కేంద్రకంలోదే. తరలిన జన్యువు చేసే ప్రోటీన్లో పొరలో దిగబడే భాగానికి నీళ్లంటే గిట్టనితనం కొంత తగ్గింది, అందుకే దారి తప్పకుండా ద్వారాలు దాటి రాగలుగుతోంది.

ఆ పని ఇప్పుడు వైద్యులూ చేస్తున్నారు. కుర్రవాళ్లకి ఉన్నట్టుండి నడి చూపు పోయే జబ్బొకటుంది, లెబర్ జబ్బు అంటారు. తల్లి వైపు నుంచే వస్తుంది, ఎందుకంటే మైటోకాండ్రియా మనకి అమ్మ దగ్గర్నుంచే వస్తాయి. ఎక్కువమందిలో కారణం ఆ 13లో ఒకటైన ఎన్‌డీ4 అనే పొర ప్రోటీన్లో ఒక్క అక్షరం తప్పడం. 1988లో కనిపెట్టారు. ఇప్పుడు సరైన ఎన్‌డీ4 జన్యువుకి మైటోకాండ్రియాకి దారి చూపే చీటీ తగిలించి, ఒక హానిలేని వైరస్‌లో పెట్టి కంట్లోకి ఎక్కిస్తున్నారు. అది కంటి నాడి కణాల కేంద్రకంలో ఉండి ప్రోటీన్ చేయిస్తుంది, ఆ ప్రోటీన్ టామ్, టిమ్ ద్వారాల గుండా లోపలికి పోవాలి. ఒక కంట్లో మందు, రెండో కంట్లో ఉత్తుత్తి సూది వేసి పరీక్షించారు. చాలామందికి కొంతైనా చూపు మెరుగైంది, అదీ రెండు కళ్లలోనూ.